చెకాఫ్ డాలరు ఎవరికి పోతోంది? అమెరికా ఆవుల రైతులు, బిల్ బులార్డ్, ఆర్-కాఫ్

నెబ్రాస్కా_గాలి:

పోయిన గురువారం మా పక్కింటాయనతో పశువుల వేలానికి వెళ్లాను. ఇక్కడ సేల్ బార్న్ అంటారు. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గానీ ఇల్లు ఊరి చివర, కంచె అవతల ఆయన మంద. డెబ్బై ఆవులుంటాయి. ఆ రోజు 23 కోడెదూడలు అమ్మాడు. గేటు తీశారు, దూడలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ రింగులోకి వచ్చాయి, బోర్డు మీద తూకం పడింది, వేలం పాటగాడు ఊపిరి తీసుకోకుండా అంకెలు పాడాడు, పైవరసలో ఎవరో టోపీ కాస్త కదిపారు. అయిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఏడాది చాకిరీ!

తర్వాత కిటికీ దగ్గర చెక్కు, దానితోపాటు ఒక చీటీ ఇచ్చారు. కమీషన్, యార్డు ఖర్చు, బ్రాండ్ (వాత ముద్ర) తనిఖీ, చివర్లో 'బీఫ్ చెకాఫ్ 23.00'. ఆయన ఆ గీత మీద బొటనవేలు ఆనించి, "ఈ ఇరవై మూడూ నాకు పడనివాళ్ల దగ్గరికి పోతాయి" అన్నాడు.

దారంతా అదే కథ చెప్పాడు. అమెరికాలో పశువు అమ్మిన ప్రతిసారీ తలకి ఒక డాలరు కట్టాలి. 1985 చట్టం అది. 1988లో రైతుల ఓటింగు పెట్టి ఖాయం చేశారు. అందులో సగం రాష్ట్రంలో ఉంటుంది, సగం జాతీయ బోర్డుకి పోతుంది. బీఫ్ తినండి అని ప్రకటనలు, పరిశోధన, విదేశీ మార్కెట్లు, ఇవీ దాని పనులు. ఆ పనుల కాంట్రాక్టుల్లో పెద్ద వాటా ఎన్‌సీబీఏ (నేషనల్ క్యాటిల్‌మెన్స్ బీఫ్ అసోసియేషన్) అనే పశువుల రైతుల సంఘానిది. మా పక్కాయన ఉన్నది దానికి ఎదురు నిలిచిన ఆర్-కాఫ్‌లో. దాని సీఈవో బిల్ బులార్డ్ పేరు చెబితే చాలు, ఆయన మొహం వెలిగిపోతుంది.

ఈ బులార్డ్ సంగతి, ఈ రెండు సంఘాల గొడవ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గడ్డివాము:

కాస్త తెలుసు. బులార్డ్ దక్షిణ డకోటాలో ఆవులు మేపినాయన. తర్వాత ఆ రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్‌కి ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా చేశాడు. అంటే దొడ్డి వాసనా తెలుసు, ఫైలు వాసనా తెలుసు. 2001 నుంచి ఆర్-కాఫ్ నడుపుతున్నాడు. కాంగ్రెస్ కమిటీల ముందు వాంగ్మూలం ఇవ్వడం, వ్యవసాయ శాఖ మీద కేసులు వెయ్యడం, ఊరూరా తిరిగి మీటింగులు పెట్టడం, పాతికేళ్లుగా ఆయన చేస్తున్నవి ఇవే.

సంఘం పుట్టింది 1998లో. కెనడా, మెక్సికోల నుంచి పశువులు చవగ్గా వచ్చి పడుతున్నాయని, ఎవరూ పట్టించుకోవట్లేదని ముగ్గురు మొదలెట్టారు: మోంటానాలో ఆబోతుల పెంపకానికి పేరున్న లియో మెక్‌డానెల్, కొలరాడో నుంచి క్యాథ్లీన్ కెల్లీ, దక్షిణ డకోటా నుంచి హెర్మన్ షూమేకర్. ఆఫీసు మోంటానాలోని బిల్లింగ్స్. పూర్తి పేరు రాంచర్స్-క్యాటిల్‌మెన్ యాక్షన్ లీగల్ ఫండ్. పేరులోనే 'లీగల్ ఫండ్' ఉంది గమనించండి. చందాలు వేసుకుని కోర్టుకెక్కడానికే పుట్టిన సంఘం. మొదటి కేసు డంపింగు మీద, అంటే బయటి సరుకుని అన్యాయంగా చవగ్గా తెచ్చి అమ్మడం. కెనడా పశువులు డంపింగు ధరకే వస్తున్నాయని వాణిజ్య శాఖ ఒప్పుకుంది. దానివల్ల ఇక్కడి రైతుకి నష్టం జరిగినట్టు రుజువు లేదని 1999లో ట్రేడ్ కమిషన్ కొట్టేసింది. గెలిచి ఓడిపోవడమంటే అదే. తర్వాతి కేసుల్లో చాలావాటి కథా ఇంతే.

చల్లముంత:

క్షమించాలి, ఆవు మాంసం లెక్కలు మన వేదికలో అవసరమా? చదువుతుంటే కడుపులో దేవేస్తోంది.

నిర్వాహకుడు:

చల్లముంత గారూ, మీ బాధ అర్థమైంది. ఇది 'విదేశీ వ్యవసాయం' విభాగం, చర్చ రైతు ధర మీద. తిండి మంచిచెడ్డలకి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే నాలుగొందల వ్యాఖ్యలున్నాయి. ఇక్కడ వద్దు.

పెబ్బేరు_సంత:

అన్నా, మాది పెబ్బేరు పక్కన. శనివారం సంతలో ఎద్దుల బేరం చూసినోళ్లకి తెలుసు. అమ్మేవాడు, మారుబేరగాడు తువ్వాల కప్పుకుని కింద వేళ్లు పట్టుకుంటరు. ఏ వేలు పట్టిండు, ఎన్ని పట్టిండు అన్నది ఆ ఇద్దరికే తెలుస్తది. పక్కన నిలబడ్డ నాకు నా ఎద్దుకి ఎంత అడగాలో తెల్వది. మీ కాడ బోర్డు మీద తూకం, మైకులో పాట. ధర అందరికీ తెలుస్తున్నప్పుడు ఇంక లొల్లి దేనికి?

నెబ్రాస్కా_గాలి:

అన్నా, మీరు అడిగింది అసలు విషయం. నేను చూసింది దూడల వేలం. అక్కడ పాట నిజంగానే బహిరంగం. ఆ దూడలు తర్వాత ఫీడ్‌లాట్‌కి, అంటే పెద్ద మేపుడు దొడ్డికి పోయి, మొక్కజొన్న తిని, పద్నాలుగు పదిహేను వందల పౌన్లు తూగాక ప్యాకర్ల దగ్గరికి, అంటే కోసి మాంసం అమ్మే కంపెనీల దగ్గరికి పోతాయి. తువ్వాల ఉన్నది అక్కడ. టైసన్, జేబీఎస్, కార్గిల్, నేషనల్ బీఫ్, ఈ నాలుగు కంపెనీలే కోతకొచ్చే మేపుడు పశువుల్లో 85 శాతం దాకా కొంటాయి. ఆ కొనేదాంట్లోనూ ఎక్కువ భాగం ముందే రాసుకున్న ఫార్ములా ఒప్పందాలు: 'ఈ వారం నగదు మార్కెట్ ధర ఎంతో దాని మీద ఇంత'. కానీ ఆ నగదు మార్కెట్లో బేరం ఆడేవాళ్లు ఏరీ? టెక్సాస్ వైపు కొన్నేళ్లలో పదో వంతు పశువులు కూడా బేరానికి రాలేదు. ఆ కొద్దిపాటి బేరమే మిగతా అన్నిటికీ ధర కడుతుంది. బులార్డ్ పాతికేళ్లుగా అంటున్నది ఇదే: ప్యాకరు కనీసం ఇంత శాతం బహిరంగంగా కొనాలని చట్టం చెయ్యండి, 1921 నాటి ప్యాకర్స్ అండ్ స్టాక్‌యార్డ్స్ చట్టం ఉంది కదా, దాన్ని వాడండి అని.

2019 ఆగస్టులో కన్సాస్‌లో హోల్‌కమ్ అనే ఊళ్లో టైసన్ ప్లాంటు కాలింది. పశువు ధర పడింది, మాంసం ధర లేచింది. మరుసటి ఏడాది కోవిడ్‌కి ప్లాంట్లు మూతబడ్డాయి. 2020 మే నెలలో పెట్టెల్లో కట్టిన మాంసం టోకు ధర వంద పౌన్లకి 475 డాలర్ల దాకా పోయింది. బతికున్న పశువు మాత్రం వంద, నూటపది దగ్గర కొట్టుకుంటోంది. ఆ నెలలో మా పక్కాయన ఫ్రిజ్ మీద ఈ రెండు అంకెలూ రాసి అంటించుకున్నాడు. ఆ కాగితం ఇంకా ఉంది, సిరా వెలిసిపోయింది.

లెక్కలమాస్టారు:

చదవడానికి బాగుంది గానీ కొంచెం ఆగండి. ప్లాంటు కాలిపోతే కోసే చోటు తగ్గుతుంది, పశువులు బయట బారు తీరతాయి, ధర పడుతుంది. లోపల మాంసం తక్కువ, కాబట్టి దాని ధర లేస్తుంది. ఇందులో కుట్ర ఉండి తీరాలని లేదు. ఫార్ములా ఒప్పందాన్నీ తువ్వాల అనలేం. మంచి మాంసం ఇచ్చే పశువుకి ప్రీమియం కట్టే పద్ధతి అదే. అందరూ ఒకే గుంపులో ఒకే ధరకి అమ్మిన రోజుల్లో నాణ్యత పెంచినవాడికి ఏం మిగిలింది? ఎన్‌సీబీఏ వాదనా ఇదే. అందులోనూ రైతులే ఉన్నారు. నిర్బంధ శాతం పెడితే నష్టపోయేది తామేనని వాళ్లు భయపడుతున్నారు.

ఇంకో మాట. కోర్టుల్లో ఏమైంది? అలబామా పశువుల రైతు పికెట్ పేరు మీద నడిచిన కేసులో 2004లో జ్యూరీ టైసన్ మీద 128 కోట్ల డాలర్ల తీర్పిచ్చింది. జడ్జి కొట్టేశాడు. పై కోర్టు జడ్జినే సమర్థించింది. సుప్రీంకోర్టు వినను పొమ్మంది. ప్యాకరుకి వ్యాపార కారణం ఉంటే చాలన్నది ఆ తీర్పుల సారం.

గడ్డివాము:

మాస్టారూ, మీరు చెప్పిన తీర్పునే ఆ రైతులు అన్యాయం అంటున్నది. జ్యూరీలో మామూలు మనుషులు నెల రోజులు కూర్చుని సాక్ష్యం విని, ధర తొక్కారు అన్నారు. 'తొక్కారు సరే, వాళ్లకో కారణం ఉంది' అన్నది పైవాళ్లు. 2019లో ఆర్-కాఫ్, మరికొందరు కలిసి నాలుగు కంపెనీల మీదా మళ్లీ కేసు వేశారు.

లేబుల్ గొడవ గురించి ఎవరూ మాట్లాడలేదే? నా దృష్టిలో బులార్డ్ జీవితంలో పెద్ద గెలుపు, పెద్ద ఓటమి రెండూ అందులోనే ఉన్నాయి. మాంసం ప్యాకెట్ మీద పశువు ఏ దేశంలో పుట్టి, ఎక్కడ పెరిగి, ఎక్కడ కోతకి వెళ్లిందో రాయాలన్న నియమాన్ని 2002 వ్యవసాయ చట్టంలో పెట్టించారు. ప్యాకర్లు, పెద్ద స్టోర్లు, ఎన్‌సీబీఏ అడ్డం పడి ఆరేళ్లు లాగారు. 2008 చివర్లో అమల్లోకి వచ్చింది. కెనడా, మెక్సికో డబ్ల్యూటీవోకి (ప్రపంచ వాణిజ్య సంస్థకి) వెళ్లాయి. 2015 డిసెంబరులో వంద కోట్ల డాలర్లకి పైగా ప్రతీకార సుంకాలు వేసుకోవచ్చని ఆ సంస్థ అనుమతిచ్చింది. ఆ నెలలోనే కాంగ్రెస్ బీఫ్‌నీ పోర్క్‌నీ జాబితాలోంచి తీసేసింది.

ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటి చూడండి. పెద్ద స్టోరులో మేక మాంసమో గొర్రె మాంసమో కొంటే ప్యాకెట్ మీద 'ఆస్ట్రేలియా' అనో 'న్యూజిలాండ్' అనో ఉంటుంది. కోడి మీదా దేశం పేరుంటుంది. ఎందుకంటే వాటికి ఆ చట్టం ఇంకా ఉంది. పోయింది బీఫ్‌కీ పోర్క్‌కీ మాత్రమే.

నెబ్రాస్కా_గాలి:

అవునండోయ్! మా డీప్ ఫ్రీజర్‌లో మేక ముక్కల ప్యాకెట్ తీసి చూశాను. ఆస్ట్రేలియా. ఇన్నేళ్లుగా కొంటున్నా ఒక్కసారీ చదవలేదు.

లెక్కలమాస్టారు:

చదవలేదని మీరే ఒప్పుకున్నారు. నా వాదన సగం మీరే చెప్పారు :) లేబుల్ ఉన్నన్నాళ్లూ బీఫ్ గిరాకీ పెద్దగా మారలేదని వ్యవసాయ శాఖ చేయించిన విశ్లేషణే 2015లో చెప్పింది. లేబుల్ తీసేశాక 2016లో ధర కుప్పకూలిందని ఆర్-కాఫ్ అంటుంది. 2014 చివర్లో వంద పౌన్లకి 170 దగ్గరున్నది రెండేళ్లలో వందకి దిగింది నిజమే. కానీ ఆ రెండేళ్లలోనే కరువు తీరి మందలు పెరిగాయి, మాంసం ఎక్కువైంది. ఒకదాని తర్వాత ఒకటి జరిగితే మొదటిదే కారణమా?

గడ్డివాము:

కారణం అదొక్కటే అని నేనూ అనను. బులార్డ్ అంటాడు, అక్కడ ఆయన కొంచెం సాగదీస్తాడు. కానీ లేబుల్ పోయాక జరిగింది వినండి. బయటి నుంచి వచ్చిన మాంసాన్ని ఇక్కడ మళ్లీ కోసి ప్యాక్ చేస్తే 'ప్రొడక్ట్ ఆఫ్ యూఎస్‌ఏ' అని వేసుకోవడానికి వీలుండేది. ఇది ఏ లెక్కన న్యాయం? 2024 మార్చిలో వ్యవసాయ శాఖ ఆ కన్నం పూడ్చింది. పుట్టడం, పెరగడం, కోత, ప్యాకింగు అన్నీ ఇక్కడే జరిగితేనే ఆ మాట వాడాలి. 2026 జనవరి 1 నుంచి అమలు. అయితే వేసుకుంటే ఆ రూలు, వేసుకోకపోతే ఏమీ లేదు. తప్పనిసరి చెయ్యండని బులార్డ్ మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడ్డాడు.

ఒంగోలు_గిత్త:

ఒక చిన్న మళ్లింపు. ఆ నాలుగు ప్యాకర్లలో జేబీఎస్ బ్రెజిల్ కంపెనీ. నేషనల్ బీఫ్‌లో పెద్ద వాటా కూడా బ్రెజిల్ కంపెనీదే. ఆ దేశంలో మాంసం పశువుల్లో అత్యధికం 'నెలోర్' జాతి. అంటే మన ఒంగోలు! ఓడలెక్కిన కాలంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు పడింది. 1960ల మొదట్లో ఆఖరి పెద్ద విడత వెళ్లింది. అమెరికాలో బ్రాహ్మన్ అనే జాతిలోనూ గుజరాత్ పశువులతోపాటు మన రక్తం ఉంది. వాళ్ల నెలోర్ ఆవు ఒకటి నలభై కోట్లు పలికిందని మన పేపర్లు ఫొటోలు వేసుకున్నాయి కదా. నెబ్రాస్కాలో ఆ పక్కింటాయన ధరని కొడుతున్న దిగుమతుల వెనక మా కరవది గిత్త మనవళ్లున్నారన్నమాట. గర్వపడాలో సిగ్గుపడాలో తెలియట్లేదు.

పెబ్బేరు_సంత:

మీ గిత్తలు అక్కడ కోట్లు పలికితే ఇక్కడ దుక్కికి ట్రాక్టరే వస్తున్నది అన్నా.

సూదిమందు:

నేను ప్రకాశం జిల్లాలో పశువైద్యుణ్ని. బులార్డ్ గారి విషయంలో నాకు ఒక్క అభ్యంతరం ఉంది, గట్టిదే. చెవి ట్యాగులు. మన దగ్గర పన్నెండు అంకెల పసుపు పోగు వేస్తున్నాం, రైతులు పశువు ఆధార్ అంటారు. గాలికుంటు టీకా వేసినా, బీమా చేసినా ఆ నంబరు మీదే నమోదు. దొడ్డి కంచెకి తగులుకుని చెవి చిరిగిందని నేను తిన్న తిట్లకి లెక్కలేదు. అయినా రోగం వస్తే ఆ పశువు ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పేది ఆ పోగే. అమెరికాలో పద్దెనిమిది నెలలు దాటిన పునరుత్పత్తి పశువులు, పాడి పశువులు రాష్ట్రం దాటితే ఎలక్ట్రానిక్ ట్యాగు ఉండాలని 2024 నవంబరు నుంచి రూలు. ఆర్-కాఫ్ దాని మీదా కోర్టుకెళ్లింది.

2003 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఆవుకి పిచ్చావు రోగం బయటపడింది. అది కెనడా నుంచి వచ్చిన ఆవని తేలింది. దానితో కలిసి వచ్చిన మందలో అన్నిటినీ వెతికి పట్టుకోలేకపోయారు. జపాన్, కొరియా తలుపులు మూసేశాయి. అంత నష్టం చూశాక కూడా ట్యాగు వద్దంటే ఎలా?

గడ్డివాము:

డాక్టరు గారూ, వాళ్లు ట్యాగునే వద్దనట్లేదు. ఇనప ట్యాగులతోనే పని నడిచింది, ఇప్పుడు ఖరీదైనది ఎందుకు, లాభం ఎగుమతిదారుకి, ఖర్చు నాకా అని వాళ్ల ప్రశ్న. మీరు చెప్పిన ఆవు కెనడాది అన్నది కూడా వాళ్లు మర్చిపోలేదు. 2005 మార్చిలో కెనడా పశువులకి సరిహద్దు మళ్లీ తెరవబోతుంటే బిల్లింగ్స్ జడ్జి దగ్గర స్టే తెచ్చింది ఆర్-కాఫే. జులైలో పై కోర్టు ఎత్తేసింది. నాలుగు నెలలు ఒక చిన్న సంఘం దేశ సరిహద్దు మూసి ఉంచింది!

సూదిమందు:

రోగం పేరు చెప్పి సరిహద్దు మూయమంటారు, రోగాన్ని వెతికే పోగు మాత్రం వద్దంటారు. నా ఇబ్బంది అక్కడే.

కోళ్లషెడ్డు:

పై చర్చంతా చదివాను. నాకు ఈ లెక్కల కన్నా ఒక భయం బాగా తెలుసు. ఆ అమెరికా పశువుల రైతులు 'మమ్మల్ని కోళ్ల రైతుల్లా చేస్తారు' అంటుంటారు. నేను ఆ కోళ్ల రైతునే. ఇక్కడ సిద్దిపేట వైపు షెడ్డుంది. కంపెనీ పిల్లల్ని దింపుతుంది, మేత దింపుతుంది, మందులు పంపుతుంది. షెడ్డు, కరెంటు, నీళ్లు, నిద్ర మనవి. బ్యాచ్ ఎత్తాక కిలోకి ఇంత అని పెంపకం కూలి. మార్కెట్లో చికెన్ మూడొందలున్నా నాకు ఆ రేటుతో పని లేదు, నూట యాభైకి పడ్డా పెద్దగా పని లేదు. రెండోది కాస్త నిశ్చింత అనే చెప్పాలి, అబద్ధం ఎందుకు. కానీ తూకం రోజు లారీ తెల్లారి నాలుగింటికి రావాల్సింది పదింటికి వస్తే, ఆ ఆరు గంటల్లో కోడి కరిగిన బరువు నాది. ఎండాకాలం పోయినేడు అట్లాగే అయింది. ఫోను చేస్తే "వస్తది లెండి" అన్నారు.

అమెరికాలోనూ బ్రాయిలర్ కోళ్లు దాదాపు అన్నీ ఇదే పద్ధతి. ఆవు మాత్రం ఇంకా రైతుదే. అది పోగొట్టుకోవద్దని అరిచేవాడు లెక్క తప్పు చెప్పినా సరే, అరవనివ్వండి.

లెక్కలమాస్టారు:

కోళ్లషెడ్డు గారూ, మీ మాటకి ఎదురు చెప్పను. ఒక్క ప్రశ్న మిగిలింది. ఇప్పుడు ధరలు రికార్డు మీద రికార్డు కదా, ఇంకా గొడవేంటి?

నెబ్రాస్కా_గాలి:

అదే ప్రశ్న దూడల చెక్కు చేతిలో ఉండగానే ఆయన్ని అడిగాను మాస్టారూ. నవ్వాడు. "ఈ ధర చూడ్డానికి ఎంతమంది మిగిలాం?" అన్నాడు. 2025 జనవరిలో దేశంలో పశువులు 8.67 కోట్లు. అప్పటికి 1951 తర్వాత అంత తక్కువ లేదు. మాంసం ఆవులున్న కమతాలు 2017లో 7.29 లక్షలైతే 2022 లెక్కకి 6.22 లక్షలు. అయిదేళ్లలో లక్ష పోయాయి. మా రోడ్డు మీదే మూడు దొడ్లు ఖాళీ. ఒకదాంట్లో ఇప్పుడు పడవలు, క్యాంపింగ్ బండ్లు అద్దెకి పెడుతున్నారు.

2025 అక్టోబరులో అర్జెంటీనా బీఫ్ ఎక్కువ తెచ్చి ధర దించుతామని ప్రెసిడెంటు అన్నప్పుడు, ఎప్పుడూ పడని ఎన్‌సీబీఏ, ఆర్-కాఫ్ రెండూ వద్దనే అన్నాయి. ఆ వారం ఊళ్లో కాఫీ దగ్గర అందరూ ఒకే బల్ల మీద కూర్చున్నారట. వార్త అదే అన్నట్టు చెప్పాడు.

ఇంకొకటి బయటపడింది. మా పక్కాయన ఎన్‌సీబీఏ అనుబంధ రాష్ట్ర సంఘానికి కూడా ఏటా చందా కడతాడట! అదేంటండీ అంటే, "వాళ్ల వార్షిక భోజనాలకి ఊరంతా వస్తుంది, మానేస్తే బాగోదు. మా ఆవిడ 'పై' అనే వంటకం చేసి పట్టుకెళ్తుంది" అన్నాడు.

వచ్చే గురువారం అయిదు ముసలి ఆవుల్ని తీసుకెళ్తాడట. చీటీ ఫొటో పెడతాను.

సూదిమందు:

వాటి చెవులకి పోగులున్నాయేమో కాస్త చూసి చెప్పండి.

నెబ్రాస్కా_గాలి:

ఇప్పుడే కంచె దగ్గరికి వెళ్లి చూశాను డాక్టరు గారూ. రెండిటికి ఉన్నాయి, మూడిటికి లేవు. అడిగితే "రాష్ట్రం దాటట్లేదుగా" అన్నాడు.